ద్రౌపది నిజంగా నవ్విందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రామాయణ భారతాల్లోని స్త్రీల జీవితాలను కొత్తగా ఊహించి రాసిన నవలలు, కథల మీద వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఈ సంచికకు ఎంచుకున్నాం. వాటిలో ఒకటి బైబిల్ స్త్రీల గురించినది.

ప్రశ్న: మా అత్తగారు రోజూ ఉదయం సుందరకాండ పారాయణ చేస్తారు. నేను ఓల్గా ‘విముక్త’, ప్రతిభా రాయ్ ‘యాజ్ఞసేని’ చదువుతుంటే చూసి, ‘‘రాముణ్ణీ కృష్ణుణ్ణీ ఎవరికి తోచినట్టు వాళ్లు రాసినవి ఇంట్లో ఎందుకమ్మా’’ అన్నారు. ఆవిడ మాట కొట్టివేయలేను, పుస్తకం పక్కన పెట్టలేను. ఇలాంటివి చదవడం అపచారమా? అసలు కథ ఎంత, రచయిత్రి కల్పన ఎంత అన్నది నాబోటివాళ్లు తెలుసుకునేదెలా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ రెండో ప్రశ్నకు జవాబు వెతికితే మొదటిదాని బరువు సగం తగ్గుతుంది కనుక అక్కడి నుంచే మొదలుపెడదాం. ‘అసలు కథ’ అని మనం నమ్ముతున్నది మనకు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూసుకోవాలి. మయసభ ఘట్టమే తీసుకోండి. నేల అనుకుని అడుగువేసి దుర్యోధనుడు నీళ్లలో పడగానే ద్రౌపది పకపకా నవ్వి, గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే అన్నదనీ, ఆ నవ్వే కురుక్షేత్రం దాకా తీసుకుపోయిందనీ చిన్ననాటి నుంచి వింటూ వచ్చాం. నాటకాల్లో, సినిమాల్లో దుర్యోధనుడి ఏకపాత్రలు ఆ నవ్వును మన చెవుల్లో స్థిరపరిచాయి. పుణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ దేశమంతటి తాళపత్రాలను, రాతప్రతులను పోల్చి 1919లో మొదలుపెట్టి 1966 నాటికి పూర్తిచేసిన సంశోధిత వ్యాసభారతంలో ఆ ఎత్తిపొడుపు మాట లేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. సభాపర్వంలో కథకుడు ఆ సంఘటనను స్వయంగా చెప్పేటప్పుడు నవ్వినవారు సేవకులు, భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు. ద్రౌపది పేరు అక్కడ రాదు. ఆమె నవ్విందన్న మాట తర్వాత, దుర్యోధనుడు హస్తినకు తిరిగివచ్చి తండ్రి దగ్గర తన అవమానాన్ని ఏకరువు పెట్టేటప్పుడు వస్తుంది. కృష్ణుడు అర్జునుడితో కలిసి బిగ్గరగా నవ్వాడనీ, ద్రౌపది తన చుట్టూ ఉన్న స్త్రీలతో కలిసి నవ్వి నా మనసును నొప్పించిందనీ అతను అంటాడు. కథకుడి నోట లేని నవ్వు అసూయతో రగిలిపోతున్నవాడి ఫిర్యాదులో ఉందన్నమాట. ఆమె నవ్విందో, నవ్వినట్టు అతనికి తోచిందో, తండ్రిని జూదానికి ఒప్పించడానికి కల్పించాడో వ్యాసుడు తేల్చలేదు. ఒక మంచి నవలాకారిణి లోపలికి వెళ్లడానికి ఈ మాత్రం సందు చాలు.

అహల్య సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఆమె రాయి అయిపోయిందనీ, రాముడి పాదం తగిలి మళ్లీ స్త్రీ అయిందనీ మనకు తెలిసిన కథ. వాల్మీకి బాలకాండలో 48, 49 సర్గలు తెరిచి చూడండి. అక్కడ రాయి లేదు. గాలినే ఆహారంగా తీసుకుంటూ, బూడిదలో పడుకుని, ఏ ప్రాణికీ కనిపించకుండా ఈ ఆశ్రమంలోనే ఉండిపొమ్మని గౌతముడు శపిస్తాడు. వచ్చినవాడు ముని వేషంలో ఉన్న ఇంద్రుడని ఆమెకు తెలుసుననీ, దేవరాజు మీది కుతూహలంతో సమ్మతించిందనీ కూడా వాల్మీకి దాచకుండా చెప్పాడు. రాముడు ఆశ్రమంలో అడుగుపెట్టి శాపం తీరాక, రామలక్ష్మణులే వంగి ఆమె పాదాలకు నమస్కరిస్తారు. పాదం ఎవరిది, వంగిన తల ఎవరిది అన్నది తర్వాతి కాలంలో తారుమారైంది. లక్ష్మణరేఖ కూడా వాల్మీకిలో లేదు. అది తర్వాతివాళ్లు గీసిన గీత. ఇవన్నీ చేర్చినవారు భక్తులే, మహాకవులే. కథను మార్చడమే అపచారమైతే, ఆ అపచారానికి తొలి ముద్దాయిలు మనం రోజూ తలుచుకునే పెద్దలే అవుతారు.

మీ అత్తగారితో ఈ విషయం మాట్లాడాలనుకుంటే వాదనతో కాక ఒక పాటతో మొదలుపెట్టమని నా సలహా. ‘ఊర్మిళాదేవి నిద్ర’ ఆవిడకు వచ్చేమో అడగండి. ‘శ్రీరామ భూపాలుడు పట్టాభిషిక్తుడై కొలువుండగా’ అని ఎత్తుకోగానే గొంతు కలిపే పెద్దవారు గోదావరి జిల్లాల్లో ఇంకా ఉన్నారు. వాల్మీకిలో ఊర్మిళ పెళ్లినాటి ప్రస్తావనల్లో కనిపించి, ఆ తర్వాత దాదాపు లేనట్టే. మన ఆడవాళ్లు ఆ ఖాళీని ఊరికే వదిలిపెట్టలేదు. పద్నాలుగేళ్లూ ఆమెను నిద్రపుచ్చారు. పట్టాభిషేకం అయ్యాక నిండు కొలువులో లేచి, నీ తమ్ముణ్ణి వాడి భార్య దగ్గరికి పంపమని రాముడికి గుర్తుచేసే పని సీత చేత చేయించారు. లక్ష్మణుడు పడకగదిలోకి వెళ్లేసరికి ఊర్మిళ నిద్రమత్తులో అతన్ని గుర్తుపట్టక, ఎవరో పరాయి మగవాడు వచ్చాడనుకుని, పరస్త్రీని కోరిన ఇంద్రుడికి ఒళ్లంతా ఏమైందో, రావణుడు ఎలా సమూలంగా పోయాడో ఏకరువు పెట్టి హెచ్చరిస్తుంది. ఎవరి భార్యను ఎవరో ఎత్తుకుపోయినందుకు యుద్ధం చేసి వచ్చిన మగవాడు, సొంత భార్య చేతిలో రావణుడి పక్కన నిలబడి సంజాయిషీ చెప్పుకోవలసి రావడం ఎంత గడుసు కల్పన! ఈ పాటను అపచారమని ఎవరూ అనలేదు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, మధ్యాహ్నం పనులు తీరిన వేళ పాడుకున్నారు. 2010లో వెలువడి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘విముక్త’లో ఓల్గా చేసినది ఆ స్త్రీలు చేసిన పనికి కొనసాగింపేనని నేను అనుకుంటాను. తేడా ఒక్కటే, పాటలో భర్త క్షమాపణతో సర్దుకున్నది కథలో అంత తేలిగ్గా సర్దుకోదు.

ఒక సంగతి కూడా స్పష్టం చేయాలి. ‘విముక్త’ నవల కాదు, ఒకదానికొకటి ముడిపడిన కథల సంపుటి. ‘సమాగమం’లో సీత శూర్పణఖను కలుస్తుంది, ‘మృణ్మయనాదం’లో అహల్యను, ‘సైకత కుంభం’లో రేణుకను, ‘విముక్త’ అన్న కథలో ఊర్మిళను. ‘బంధితుడు’ మాత్రం రాముడి కథ. రావణుణ్ణి ఉసిగొల్పాక శూర్పణఖ బతుకు ఏమైందో వాల్మీకి పట్టించుకోలేదు; కోసిన ముక్కుచెవులతో ఆమె మిగతా జీవితం ఎలా గడిపిందని అడగడం మూలాన్ని కాదనడం కాదు, మూలం ఆగిన చోట నుంచి నాలుగడుగులు వేయడం. ‘సమాగమం’లో ఆమె ఒక తోట పెంచుకుంటూ కనిపిస్తుంది. ఆ తోట వాల్మీకిది కాదని గుర్తుపెట్టుకుని చదివితే చాలు. ఇక ‘యాజ్ఞసేని’ 1984లో ఒడియాలో వచ్చిన నవల. మహాప్రస్థానంలో హిమాలయాల మీద పడిపోయిన ద్రౌపది, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయిన భర్తలను తలుచుకుంటూ కృష్ణుడికి చెప్పుకున్న కథగా అది నడుస్తుంది. ఆమె పడిపోవడం, అర్జునుడి మీద పక్షపాతం వల్ల పడిందని ధర్మరాజు అనడం, ఎవరూ ఆగకపోవడం వ్యాసుడివి. పడినావిడ అప్పుడు ఏమనుకుందన్నది ప్రతిభా రాయ్‌ది. ఇలా ప్రతి ఘట్టం దగ్గరా ఇది ఎవరిది అని అడుగుతూ చదవడం అలవాటైతే, మీరు అడిగిన గీత మీకే కనిపిస్తుంది.

మీ అత్తగారి పారాయణకూ మీ చదువుకూ మధ్య పోటీ ఏమీ లేదు. ఆవిడది ఉపాసన. మీది సాహిత్య పఠనం. ఒకదాని నియమాలు మరొకదానికి పెట్టకపోతే ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని చదువుకోవచ్చు.

ప్రశ్న: నేను విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి. ఈ రచయితలు ఇవాళ్టి ఆలోచనలను ఆనాటి స్త్రీల నోట పెడుతున్నారన్నది నా అభ్యంతరం. వ్యాసుడి ద్రౌపదికి లేని గొంతు ఇవ్వబోయి, ఆమెను ఉపన్యాసకురాలిని చేస్తున్నారు. దీన్ని సాహిత్యమని ఎలా అనమంటారు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మాస్టారూ, మీ అభ్యంతరంలో సగం నాకూ ఉంది. ఈ కోవలో వస్తున్న నవలల్లో చాలావాటిలో నాయిక అంతఃపుర గవాక్షం దగ్గర నిలబడి, సెమినార్‌లో పత్రం చదువుతున్నట్టు మాట్లాడుతుంది. అలాంటి పేజీలు దాటవేయడానికి నేను సందేహించను. పైగా వాదమే చేయదలచినవారు నేరుగా వాదం చేయవచ్చు. రంగనాయకమ్మ 1970ల్లో ‘రామాయణ విషవృక్షం’లో ఆ పనే చేశారు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ పుస్తకం ఏమి చేస్తున్నదో దాచుకోలేదు.

అయితే ‘వ్యాసుడి ద్రౌపదికి లేని గొంతు’ అన్న మాట దగ్గర మీతో విభేదిస్తాను. దుర్యోధనుడి సేవకుడు ప్రాతికామి వచ్చి, నిన్ను జూదంలో ఓడారు, సభకు రమ్మంటున్నారు అన్నప్పుడు ఆమె ఏడవలేదు. నువ్వు ముందు ఓడింది నిన్నా, నన్నా అని ఆ జూదరిని సభలోనే అడిగి రమ్మని వాణ్ణి తిప్పి పంపింది. తనను తాను ఓడిపోయినవాడికి మరొకరిని ఒడ్డే హక్కు ఎక్కడిదన్న ఆ ఒక్క ప్రశ్నకు, ధర్మం సూక్ష్మమైనదని భీష్ముడు తల వంచుకోవలసి వచ్చింది. కౌరవుల్లో వికర్ణుడొక్కడే ఆమె పక్షాన లేచాడు. చివరికి ధృతరాష్ట్రుడు వరాలిస్తానంటే మొదటి వరంగా ధర్మరాజు విముక్తిని, రెండో వరంగా మిగిలిన నలుగురినీ ఆయుధాలతో సహా విడిపించడాన్ని కోరి, మూడో వరం వద్దన్నది. తన కొడుకు ప్రతివింధ్యుణ్ణి ఎవరూ దాసపుత్రుడు అనకూడదన్నది మొదటి కోరికకు ఆమె చెప్పిన కారణం. మన తిక్కన ఉద్యోగపర్వంలో ‘వరమునఁ బుట్టితిన్ భరతవంశముఁ జొచ్చితి’ అని ఆమె చేత పలికించిన పద్యం మీరు తరగతిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! ఇంత గొంతు మూలంలోనే ఉన్నప్పుడు ఆధునిక రచయిత చేయవలసింది గొంతు ఇవ్వడం కాదు, ఆ గొంతును పాడుచేయకుండా వినిపించడం.

ఆ ప్రశ్నను పొగడని స్త్రీలు కూడా ఉన్నారు. ఇరావతీ కర్వే తన మరాఠీ వ్యాసాల పుస్తకం ‘యుగాంత’లో, కులవృద్ధులే చిక్కుబడిన ధర్మసంకటాన్ని నిండు సభలో పాండిత్యంతో విప్పబోవడం ద్రౌపది చేసిన పెద్ద పొరపాటని తీర్పు చెప్పారు. ఆ పుస్తకానికి 1968లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నేను ఆ తీర్పుతో ఏకీభవించను కానీ, ఆవిడ మూలాన్ని ఎంత దగ్గరగా చదివారో చూస్తే మనం చదవవలసిన తీరు తెలుస్తుంది.

మీరు పట్టుకోవలసిన లోపం మరొక చోట ఉందని నా అభిప్రాయం. చిత్రా బెనర్జీ దివాకరుణి 2008లో ఆంగ్లంలో రాసిన ‘ది ప్యాలెస్ ఆఫ్ ఇల్యూషన్స్’లో ద్రౌపదికి కర్ణుడి మీద జీవితాంతం తీరని ఆకర్షణ ఉంటుంది. ఇది కొత్తగా పుట్టిన చాపల్యం కాదు. మహారాష్ట్ర జానపదంలో ‘జాంభూళ్ ఆఖ్యానం’ ఉంది. చెట్టు నుంచి రాలిన నేరేడు పండు తిరిగి కొమ్మకు అంటుకోవాలంటే ద్రౌపది తన మనసులో ఉన్నది చెప్పాలంటారు, ఆమె కర్ణుడి పేరు చెబుతుంది. స్వయంవరంలో ‘సూతుణ్ణి వరించను’ అన్నదనే మాట కొన్ని ప్రతుల్లోనే ఉండటం వల్ల సంశోధిత ప్రతి దాన్ని అధస్సూచికల్లోకి దింపింది కనుక, ఆ అడ్డూ తొలగినట్టే. అయినా నాకు ఆ ప్రేమకథ రుచించలేదు. కారణం ఒకటే. జూదం నాటి సభలో ఆమెను బంధకి (కులట) అని పిలిచినవాడు కర్ణుడు. ఆమె బట్టలు లాగమని దుశ్శాసనుణ్ణి ప్రేరేపించినవాడూ కర్ణుడే. ఆ పూటను తేలిక చేయకుండా, దాని బరువంతా మోస్తూనే ఆ ఆకర్షణను నడపగలిగితే అది గొప్ప నవల అవుతుంది. కర్ణుడి కళ్లలో కన్నీటి పొరను అడ్డుపెట్టి దాటేస్తే, ద్రౌపదికి జరిగినదాన్ని ద్రౌపది కథలోనే చిన్నది చేసినట్టు. కాలం కాని ఆలోచనల కంటే ఈ తేలిక చేయడమే పెద్ద దోషమని నేను అంటాను.

ప్రశ్న: మాది క్రైస్తవ కుటుంబం. ఆదికాండములోని దీనా మీద వచ్చిన ‘ది రెడ్ టెంట్’ అనే ఆంగ్ల నవల స్నేహితురాలు ఇచ్చింది. చదవడం మొదలుపెట్టాను. వాక్యానికి కలిపినదీ తీసివేసినదీ చదవరాదని సంఘంలో పెద్దలు అంటున్నారు. ఏమి చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: విశ్వాసం విషయంలో మీ సంఘం మాటకు అడ్డు చెప్పే అధికారం నాకు లేదు. పుస్తకం గురించి మాత్రం చెప్పగలను. నవల ముందుకు సాగించేలోగా ఆదికాండము 34వ అధ్యాయాన్ని ఒకసారి నెమ్మదిగా చదవండి, 31 వచనాలే. దీనా ఆ దేశపు కుమార్తెలను చూడబోవడం, షెకెము ఆమెను పట్టుకుని చెరచడం, ఆ తర్వాత అతని ప్రాణం ఆమె మీద వాలడం, పెండ్లి బేరం, సున్నతి షరతు, షిమ్యోను, లేవి కత్తి తీసి ఆ ఊరి మగవాళ్లందరినీ చంపడం, యాకోబు కొడుకుల మీద కోపపడటం, అన్నీ ఉన్నాయి. హమోరు మాట్లాడతాడు, షెకెము మాట్లాడతాడు, అన్నదమ్ములు మాట్లాడతారు. దీనా మాత్రం ఒక్క మాటా మాట్లాడదు. ఆ తర్వాత ఆమె పేరు మళ్లీ వినిపించేది 46వ అధ్యాయంలో, ఐగుప్తుకు వెళ్లినవారి జాబితాలో.

1997లో అనీటా డయామంట్ ఆ మౌనం లోపల కూర్చుని మొత్తం నవల రాశారు. ఎర్రని గుడారం, అందులో నెలసరి నాళ్లలోనూ కాన్పులప్పుడూ స్త్రీలు గడిపే కాలం, దీనా మంత్రసాని కావడం, ఐగుప్తు జీవితం ఆమె కల్పన. గుడారాన్ని మాత్రం పూర్తిగా గాలిలో నిలబెట్టలేదు. 31వ అధ్యాయంలో రాహేలు తండ్రి గృహదేవతలను దొంగిలించి ఒంటె సామగ్రిలో దాచి, వాటి మీద కూర్చుని, నెలసరిలో ఉన్నాను, లేవలేనని లాబానుకు చెబుతుంది. వెతకడానికి వచ్చిన మగవాడు ఆ మాట వినగానే వెనక్కి తగ్గాడు. నవల ఊపిరి పోసుకున్నది ఇలాంటి చోట్లే. లేఖనంలో ఖాళీ ఉన్నచోట కథ అల్లడం యూదు పండితులకు కూడా పాత అలవాటే. యోసేపు భార్య ఆసెనతు ఈ దీనా కుమార్తేనని వారి సంప్రదాయంలో ఒక కథ ఉంది.

నవలలో నాకు మింగుడుపడనిది, లేఖనం బలాత్కారమని చెప్పినదాన్ని రచయిత్రి పరస్పర ప్రేమగా మార్చడం. దీనా మాట మనకు వినబడలేదు కనుక జరిగింది ప్రేమే కావచ్చునని ఆమె వాదన. అన్నదమ్ముల కోపం పరువు కోసమే తప్ప ఆమె కోసం కాదని చూపడానికి అది బాగానే పనికివచ్చింది. కానీ అలాంటి గాయం తగిలిన పాఠకురాలు ఆ అధ్యాయంలో తన కథ చెరిగిపోయిందని అనుకుంటే, ఆమెకు నేను జవాబు చెప్పలేను.

మీ పెద్దలతో మాట్లాడే సందర్భం వస్తే మగ్దలేనే మరియ సంగతి ఎత్తి చూడండి. ఆమె వేశ్య అని ఎందరో ప్రసంగాల్లో వింటాం. నాలుగు సువార్తల్లో ఎక్కడా ఆ మాట లేదు. ఆమెలో నుంచి ఏడు దయ్యాలు వదిలిపోయాయని లూకా చెప్పాడు, అంతే. పేరు చెప్పని పాపాత్మురాలైన స్త్రీనీ బేతనియ మరియనూ మగ్దలేనే మరియనూ ఒక్కరిగా కలిపి 591లో పోప్ గ్రెగరీ చేసిన ప్రసంగంతో ఆ ముద్ర పడింది; 1969లో పండుగల క్రమాన్ని సవరించినప్పుడు కాథలిక్ సంఘం దాన్ని విడదీసింది. కలపడం నవలాకారులు మాత్రమే చేసే పని కాదు, ప్రసంగ పీఠం మీద నుంచీ జరుగుతుంది. నవల అట్ట మీద నవల అని రాసి ఉంటుంది కనుక, నా లెక్కలో నవలే కొంత నయం.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు. సీత, ద్రౌపదుల మీద వచ్చిన నవలలు చదువుతానంటోంది. ఏది ముందు ఇవ్వాలి?
– ఒక తల్లి, టెక్సస్

జవాబు: నవల కంటే ముందు మూలంలో రెండు ఘట్టాలు మీరే ఆమెకు చదివి వినిపించండి. ఒకటి సభాపర్వంలో జూదం. పురిపండా అప్పలస్వామి వ్యావహారిక వచనంలో రాసిన భారతం పిల్లలకు బిగ్గరగా చదవడానికి వీలుగా ఉంటుంది. నన్నయ పద్యాల రుచి కూడా చూపించాలనుకుంటే తిరుమల తిరుపతి దేవస్థానం వారు ప్రతిపదార్థ తాత్పర్యాలతో వేసిన కవిత్రయ భారతం ఉంది. రెండోది యుద్ధకాండలో రావణ వధ అయ్యాక రాముడు సీతతో ఆడిన మాటలు, దానికి ఆమె జవాబు. నీకు ఇష్టమైన చోటికి వెళ్లు, లక్ష్మణుడి దగ్గరో భరతుడి దగ్గరో సుగ్రీవ విభీషణుల దగ్గరో మనసు నిలుపుకో అని రాముడు అంటాడు. పామరుడు పామర స్త్రీతో మాట్లాడినట్టు నాతో ఎందుకు మాట్లాడుతున్నావని ఆమె అడుగుతుంది. ఈ భాగాన్ని పిల్లల పుస్తకాల్లో నుంచి సాధారణంగా తీసేస్తారు కనుక, మీ అమ్మాయి ఇది విని ఉండకపోవచ్చు.

తర్వాత ‘విముక్త’ ఇవ్వండి. 2016లో ‘ది లిబరేషన్ ఆఫ్ సీత’ పేరుతో ఆంగ్లంలోకి వచ్చింది. ఆమె ఆంగ్లంలోనూ మీరు తెలుగులోనూ ఒకే కథను ఒకే వారంలో చదివితే మాట్లాడుకోవడానికి బాగుంటుంది. కథలు చిన్నవి, ఆదివారం సాయంత్రం ఒకటి సరిపోతుంది. దివాకరుణి నవలను మాత్రం జూదం ఘట్టం ఆమె మనసులో బాగా నాటుకున్నాకే చేతికివ్వండి. కర్ణుడి గురించి ఆమె మీతో తగువు పెట్టుకుంటే, ఆ తగువు ఏమిటో మాకూ రాయండి.